లాకుల దగ్గర ఆగిన జీపు

వస్తానని చెప్పకుండా ఉంటే వాళ్ళు నడిచి వెళ్ళిపోయేవాళ్ళేమో.

ఈ అనుమానం బాలశౌరిలో రెండేళ్ళుగా ఉంది. పగలు రైసుమిల్లులో బస్తాల తూకం చూసేటప్పుడు అణిగి ఉంటుంది. సాయంత్రం మేరీమాత పటం ముందు మోకరించి జపమాల చెప్పేటప్పుడు తల ఎత్తుతుంది. ఆఖరి పది పూసలూ అతను గవ్వలదిబ్బ చర్చి అరుగు మీద నిలబడ్డవాళ్ళ ఆత్మల కోసం చెబుతాడు. వాళ్ళ పేర్లు తెలియవు. అందుకని "ఆ అరుగు మీదవాళ్ళ కోసం" అంటాడు. భార్య మార్త పక్కన కూర్చుని బదులు చెబుతుంది.

ఉప్పెన రోజు అతను ఒక కిరాయి మీద దివిసీమ వెళ్ళి ఖాళీ జీపుతో తిరిగి వస్తున్నాడు. గాలి అప్పటికే తాటిచెట్ల తలలు విరుస్తోంది. గవ్వలదిబ్బ దగ్గర జనం రోడ్డుకి అడ్డంగా నిలబడి ఆపారు. పిల్లల్నీ బాలింతల్నీ పట్టినంతమందిని ఎక్కించుకున్నాడు. మిగిలినవాళ్ళని చర్చి అరుగు మీద ఉండమని, వీళ్ళని అవనిగడ్డ స్కూల్లో దింపి మళ్ళీ వస్తానని చెప్పాడు. దింపాడు. తిరిగి బయల్దేరాడు కూడా. కాలవ లాకుల దగ్గరికి వచ్చేసరికి సముద్రం ఎదురొచ్చింది.

లాకుల ఇనపచట్రం పట్టుకుని తెల్లారేదాకా వేలాడినవాడికి ఆ తర్వాత చాలారోజులు జ్వరం. అది తగ్గాక ఎవరో చెప్పారు, గవ్వలదిబ్బలో చర్చి మొండిగోడలు తప్ప ఏమీ నిలబడలేదని. ఆ పైన అతను ఎవరినీ ఏమీ అడగలేదు. చర్చిలో పాపసంకీర్తనం చేస్తూ గురువుగారికి చెప్పుకుంటే, ఇది పాపం కాదు నాయనా అన్నారాయన. పాపం కానిదానికి క్షమాపణ ఎక్కడ దొరుకుతుందో బాలశౌరికి తెలియలేదు.

జీపుని ఎవరో లారీ మీద తెచ్చి పటమటలో అతని పెరట్లో దించి వెళ్ళారు. అప్పటినుంచి అది పట్టా కింద ఉంది.

సోమవారం పొద్దున్నే బావమరిది అంతోని పనిముట్ల సంచీతో వచ్చాడు. ఆటోనగర్‌లో అతనికి చిన్న షెడ్డు ఉంది. ఈ జీపు సంగతి తేల్చమని మార్తే కబురు చేసింది. అక్క మాట కాదనలేక వచ్చాడు గానీ, పట్టా ఎత్తగానే అతని మొహం మారింది. వెనకసీటు మీద గడ్డి పరుచుకుని కోడిపెట్ట పొదుగుతోంది.

"ఈ రెండేళ్ళలో కిరాయి కట్టి ఎక్కింది ఇదొక్కటేనా బావా?" అన్నాడు. మార్త నవ్వు ఆపుకుంటూ కోడినీ గుడ్లనీ గంపలోకి ఎత్తి తీసుకుపోయింది.

అంతోని బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి, తుడిచి, వరసలో గోనెపట్టా మీద పెట్టాడు. ఆ రంధ్రాల్లో కిరసనాయిలు కలిపిన నూనె పోశాడు. అది దిగేదాకా చక్రాల దగ్గర కూర్చుని ఒక్కో నట్టునీ సుత్తితో తట్టి చూశాడు. తర్వాత హ్యాండిల్ ముందు దూర్చి, ఇద్దరూ చెరోవైపు పట్టి ఊపారు. అరంగుళం కూడా కదల్లేదు. గేరుబాక్సు అడుగున బిరడా విప్పితే ముందు బూడిదరంగు నీళ్ళు, తర్వాత పెరుగులా బురద జారింది. అంతోని దాన్ని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు.

"ఇంకా ఉప్పువాసనే," అన్నాడు.

అతను చెప్పింది ఇది. ఇంజను పట్టేసింది, బోరు కొట్టించి పిస్టన్లు వెయ్యాలి. వైరింగు, బ్రేకులు అన్నీ కొత్తవే. కూలి తను తీసుకోడు, సామాన్లకి మాత్రం మార్త గాజులు కదలాలి. చాసిస్ రాయిలా ఉంది. యుద్ధం రోజుల్లో మిలిటరీవాళ్ళ కోసం చేసింది, ఆ ఇనుము ఇప్పుడు రాదు. చేయిస్తే ఇంకా చాలా ఏళ్ళు కాలవగట్ల మీద తిరుగుతుంది. ఇంకో వానాకాలం ఇలాగే ఉంచితే అదీ పోతుంది.

"చేయిస్తే చేయించు, అమ్మితే అమ్ము. ఇలా కప్పెట్టి ఉంచకు బావా. బండిని చూస్తుంటే నాకే బాధగా ఉంది."

బాలశౌరి స్టీరింగు మీద చెయ్యి వేశాడు. ఎడమచేతి వైపు స్టీరింగు. బండి ఎక్కేముందు దానిమీద బొటనవేలితో సిలువగుర్తు వెయ్యడం అతని అలవాటు. బొటనవేలు అక్కడిదాకా వెళ్ళి ఆగింది. మార్త అది చూసింది. జీపు తిరిగినన్నాళ్ళూ ఆ ఇంట్లో బియ్యం అప్పుగా తేలేదు. ఇప్పుడు మిల్లు జీతం చాలక నెల మధ్యలోనే నూకలు కొంటున్నారు. గాజులు ఇవ్వడానికి ఆమె ఎప్పుడో సిద్ధపడింది. అతనే మళ్ళీ స్టీరింగు పట్టుకుంటాడో లేదో ఆమెకి తెలియడం లేదు.

"అమ్మేద్దాం," అన్నాడు బాలశౌరి.

మంగళవారం హనుమాన్ జంక్షన్ నుంచి రత్తయ్య వచ్చాడు. పాత లారీలు, జీపులు కొని విడగొట్టి అమ్ముతాడు. తెల్లపంచె మీద గ్రీజు మరక పడకుండా కుచ్చిళ్ళు ఎగదోపి, జీపు చుట్టూ తిరిగాడు. వెంట ఇశ్రాయేలు అని గ్యాసుతో ఇనుము కోసే పనివాడు. రత్తయ్య మర్యాదగానే మాట్లాడాడు. ఇంజను బాగుచేసి నీళ్ళు తోడే పంపుకి బిగిస్తాడట. వెనకభాగం ఇరుసుతో ట్రైలరు అవుతుందట. మిగతాది ఇనుము కొట్టుకి.

"మీరు బాధపడకూడదండీ. ముసలి బండికి ఇంతకన్నా మంచి చావు లేదు. నాలుగు చోట్ల బతుకుతుంది."

ఇశ్రాయేలు సుద్దముక్కతో చాసిస్ మీద కొయ్యాల్సినచోట గీతలు గీసుకుంటూ ముందుకి వచ్చాడు. అద్దం కింద రేకు మీద దుమ్ము దట్టంగా ఉంది. అద్దం మడతబందు కోసం తడుముతూ అరచేత్తో తుడిచాడు. కింద నీలం పెయింటుతో 'గుణదల మాత తోడు' అని ఉంది. చదివి, చెయ్యి తీసేసి, వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

"ఇది లాకులకాడ దొరికిన జీపు కదండీ?" అన్నాడు.

అవునన్నాడు బాలశౌరి.

"పాపం, డ్రైవరు అందులోనే పోయాడండి. పటమటాయనంట. మా అత్తోరిది గవ్వలదిబ్బ, ఈ రాత సంగతి అక్కడందరూ చెబుతారు. ఆత్మల పండక్కి ఆయన పేరు కూడా పిలుస్తారు. పోయినేడు నేనూ ఉన్నాను. బాలశౌరి అని..."

రత్తయ్య, ఎంత పనిచేశావురా అన్నట్టు చూశాడు. మార్త కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే నిలిచిపోయింది.

"బాలశౌరిని నేనే," అన్నాడు బాలశౌరి.

ఇశ్రాయేలు ముందు అతని పాదాలకేసి చూశాడు. తర్వాత మొహంకేసి. సుద్దముక్క ఎక్కడ పడిందో చూసుకోకుండా రెండడుగులు వెనక్కి వేసి గుండెల మీద సిలువగుర్తు వేసుకున్నాడు.

బాలశౌరి జీపు మెట్టు మీద కూర్చున్నాడు. తను చచ్చిపోయానన్న మాట కాదు అతన్ని కుదిపింది. పిలవడానికి అక్కడ మనుషులున్నారు. గవ్వలదిబ్బలో మనుషులున్నారు. ఎంతమందని అడిగాడు. కొన్ని కుటుంబాలన్నాడు ఇశ్రాయేలు. చర్చి అరుగు మీద ఆగినవాళ్ళలో ఎవరైనా మిగిలారా అని అడిగాడు. అది తనకి తెలియదని, తనకి పెళ్ళయింది ఉప్పెన తర్వాతేనని, పేరు పిలిచేది మాత్రం మణెమ్మ అని ఒకామె అని చెప్పాడు.

రత్తయ్య కాఫీ తాగలేదు. వెళ్ళేముందు బాలశౌరి భుజం మీద చెయ్యి వేసి, శనివారం లారీ పంపిస్తానని, ఎక్కించడమో వెనక్కి పంపడమో మీ ఇష్టమని చెప్పాడు. ఆత్మల పండుగ శుక్రవారం.

ఆ సాయంత్రం జపమాల ఆఖరి పది పూసల దగ్గర బాలశౌరి ఆగిపోయాడు. ఎవరి కోసమని చెప్పాలో తోచలేదు.

"మీరు వాళ్ళ ఆత్మలకని చెబుతున్నారు, వాళ్ళు మీ ఆత్మకని చెబుతున్నారు," అంది మార్త. "దేవుడికి ఎంత తికమకగా ఉండి ఉంటుందో." అతని చేతిలోని జపమాల తీసి పటం దగ్గర పెట్టి, "వెళ్ళి రండి," అంది.

శుక్రవారం పొద్దున బస్సెక్కాడు. కంకిపాడు దాటాక రెండువైపులా వరి పొట్టకొచ్చి ఉంది. ఈ రోడ్డు మీద ప్రతి గుంటా అతనికి తెలుసు. బస్సు డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా అతని ఎడమకాలు తనంతట తనే నేలని నొక్కుతోంది. ఇప్పుడు కాదు, ఇంకాస్త ముందు మార్చాలి అనుకుంటున్నాడు. అలా అనుకుంటున్నందుకు ఆశ్చర్యపోయాడు. రెండేళ్ళుగా అతను ఏ బండి గురించీ ఏమీ అనుకోలేదు.

అవనిగడ్డలో దిగి ఇంకో బస్సెక్కి, లాకుల దగ్గర దిగిపోయాడు. ఇనపచట్రానికి కొత్తగా ఎర్రరంగు వేశారు. తను పట్టుకున్న అడ్డకమ్మీ ఎంత ఎత్తులో ఉందో చూసి నమ్మలేకపోయాడు. నిచ్చెన వేసినా అందదు. అంత ఎత్తుకి తనని నీళ్ళే ఎత్తి ఉండాలి. కింద కాలవ నిమ్మళంగా పారుతోంది. గట్టు మీద ఒకడు గేదెను కడుగుతూ, ఏ ఊరెళ్ళాలండీ అని అడిగాడు. చేత్తో చూపించాడు బాలశౌరి. అక్కడినుంచి గవ్వలదిబ్బకి కాలవగట్టు తిన్నగా, గీత గీసినట్టు ఉంటుంది. మైలున్నర నడిచాడు.

ఊరు కొత్తగా ఉంది. సిమెంటు కప్పుల ఇళ్ళు, అన్నీ ఒకే కొలత. చర్చి మొండిగోడల మీద రేకులు వేశారు. అరుగు మాత్రం పాతదే. దాని పక్కనుంచి కళ్ళు తిప్పుకుని నడిచాడు. జనం చర్చి వెనక దిబ్బ మీద ఉన్నారు. అక్కడ వేరువేరు సమాధులు లేవు. అందరికీ కలిపి సున్నం వేసిన పొడవాటి గట్టు, మధ్యలో పెద్ద సిలువ. గట్టు పొడవునా బంతిపూలు, కొవ్వొత్తులు. ప్రార్థన చెప్పించే ఉపదేశి గట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు. ఒక్కొక్కరే ముందుకి వచ్చి తమవాళ్ళ పేరు గట్టిగా పిలుస్తున్నారు. పిలిచినప్పుడల్లా అందరూ కలిసి, ప్రభువా ఈ ఆత్మకు నిత్యవిశ్రాంతి దయచేయండి అంటున్నారు. కొందరు పేర్లు పిలవడం మొదలుపెట్టి ఎంతసేపటికీ ఆపడం లేదు.

బాలశౌరి అందరి వెనకా నిలబడ్డాడు. ఈ జనంలో ఆ రోజు అరుగు మీద నిలబడ్డవాళ్ళెవరో మొహాలు పోల్చుకోవాలని చూశాడు. ఆ రోజు అందరూ తలమీదుగా గోనెలు కప్పుకుని ఉన్నారు. ఒక్క మొహమూ గుర్తు లేదు.

నేతచీర కట్టుకున్న ఒక సన్నటి మనిషి ముందుకి వచ్చింది. ముప్పైఅయిదేళ్ళు ఉంటాయేమో. రెండు కొవ్వొత్తులు పక్కపక్కనే నిలబెట్టి, గాలికి చెయ్యి అడ్డం పెట్టి వెలిగించింది.

"మా ఆయన జీవరత్నం," అని పిలిచింది. అందరూ బదులు చెప్పారు.

"పటమట జీపు బాలశౌరి," అని పిలిచింది.

ప్రభువా ఈ ఆత్మకు నిత్యవిశ్రాంతి దయచేయండి అన్నారు జనం. బాలశౌరి నోరు కూడా అంది. చిన్నప్పటినుంచీ అలవాటైన నోరు. అన్నాక గానీ తను ఎవరి కోసం అన్నాడో అతనికి తెలియలేదు. పక్కనున్న ముసలాయన భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన, ఎండకి తల తిరుగుతోందా బాబూ, కూర్చో అన్నాడు.

జనం పల్చబడేదాకా కూర్చున్నాడు. మణెమ్మ చివరిదాకా అక్కడే ఉంది. కారిపోతున్న మైనాన్ని వేలితో మళ్ళీ కొవ్వొత్తి మొదట్లోకి అద్దుతోంది. అతను దగ్గరికి వెళ్ళి, పటమట నుంచి వచ్చానమ్మా అన్నాడు.

ఆమె గబుక్కున లేచి కొంగు సర్దుకుంది. "బాలశౌరి గారి తాలూకా మనిషా అండీ?"

"నేనే బాలశౌరిని."

ఆమె వేలికి మైనం అంటుకుని ఉంది. దులుపుకోలేదు. అతన్నే చూస్తూ నిలబడింది. ఆమె మొహంలోకి సంతోషం రాలేదు, భయమూ రాలేదు. ఏదో ఒకటి రావడానికి చాలాసేపు పట్టేటట్టు ఉంది.

"మీరు పోలేదా?" అంది చివరికి.

"లేదమ్మా. లాకులు పట్టుకుని బతికాను."

ఆమె గట్టు అంచున కూర్చుంది. తన పిల్లలిద్దరూ ఆ జీపులోనే వెళ్ళి బతికారని చెప్పింది. వాళ్ళలో ముందుసీట్లో కూర్చున్న పాప అతని పేరు, ఊరు అడిగి తెలుసుకుందట. లాకుల దగ్గర జీపు తలకిందులుగా ఉందని తెలిశాక, మనిషి పోయాడనే అందరూ అనుకున్నారట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె తల వంచుకునే ఉంది. తర్వాత అసలు మాట బయటికి తీసింది.

"మేం ఆగలేదండీ. మీరు ఉండమన్నారు, మేం ఉండలేదు. గాలి ఎక్కువైపోతుంటే పెద్దాళ్ళు నడిచిపోదాం అన్నారు. ఆ పక్క రైసుమిల్లు డాబా మీదకి పోయాం. అలా పోయినవాళ్ళమే మిగిలాం. మాకోసం వెనక్కి తిరిగొచ్చి మీరు పోయారని, మేం చేసిన పనికి పోయారని, ఇన్నాళ్ళూ..."

బాలశౌరికి ఒక్క క్షణం ఊపిరి తేలికగా ఆడింది. రెండేళ్ళుగా గుండె మీద ఉన్న చెయ్యి ఎవరో తీసేసినట్టయింది. ఆగలేదు. ఎవరూ ఆగలేదు. ఆ మాటే పైకి అనబోయాడు.

"మా ఆయనొక్కడే ఆగాడు," అంది మణెమ్మ.

బాలశౌరి తల తిప్పి చర్చి అరుగుకేసి చూశాడు.

"రమ్మని చెయ్యి పట్టుకుని లాగానండీ. మాటిచ్చి వెళ్ళాడు, వచ్చి చూస్తే ఎవరూ లేకపోతే ఇల్లిల్లూ తిరిగి వెతుక్కుంటాడు పాపం, నేనుండి చెప్పి ఆయనతో కలిసి జీపులో వస్తాను, నువ్వు నడువు అన్నాడు. ఆ అరుగు మీదే నిలబడ్డాడు." ఆమె చర్చివైపు చూడలేదు. "ఒక్కడే పోలేదు, మీరు తోడున్నారు అనుకునేదాన్ని. చివర్లో ఇద్దరూ ఒకచోటే ఉండి ఉంటారని. అందుకే ఎప్పుడూ రెండూ పక్కపక్కన వెలిగిస్తాను."

ఆమె కొవ్వొత్తులకేసి తిరిగింది. "అయితే ఒక్కడే ఉన్నాడన్నమాట."

బాలశౌరి కూడా ఆ గట్టు మీద కూర్చుండిపోయాడు. అతను ఇన్నాళ్ళూ అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చింది. వస్తానన్నందుకు ఆగినవాడు ఒకడున్నాడు. భయంతో ఆగలేదు, నమ్మి కూడా కాదు. ఎక్కడో ఒక డ్రైవరు చీకట్లో వెతుక్కుంటాడని ఆగాడు. బతికి ఉన్నందుకు ఒక మనిషి ముందు తలవంచుకోవలసి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు. తను బతికి రావడం వల్ల ఈమెకి ఉన్న కాస్త ఓదార్పూ పోయింది. దేవుడు తనని అంత ఎత్తున ఆ కమ్మీకి అందించింది, ఈ కబురు ఈమెకి చెప్పడానికేనా?

కొవ్వొత్తులు రెండూ ఇంకా వెలుగుతున్నాయి. రెండోదాన్ని ఆర్పాలో ఉంచాలో ఇద్దరికీ తెలియలేదు.

"లాకులదాకా వచ్చారా మీరు?" అని అడిగింది మణెమ్మ.

"వచ్చాను."

"లైట్లు వేసే ఉన్నాయా?"

ఆమె ఎందుకు అడుగుతుందో అతనికి వెంటనే అర్థం కాలేదు. "వేసే ఉన్నాయమ్మా. నీళ్ళు బానెట్ మీదకి వచ్చేదాకా ఆరలేదు."

ఆమె తల ఎత్తి, దిబ్బ మీదనుంచి కాలవగట్టుకేసి చూసింది. అరుగు నుంచి లాకులదాకా అడ్డం ఏమీ లేదు. ఎర్రరంగు వేసిన చట్రం అంత దూరాన అగ్గిపెట్టెలా కనిపిస్తోంది. ఆ రాత్రి వాన ఎలా ఉందో బాలశౌరికి తెలుసు. తన జీపు బానెట్ తనకే కనపడలేదు. ఆ మాట నాలుకమీదికి వచ్చింది.

"గట్టు తిన్నగా ఉంటుంది," అంది మణెమ్మ.

"అవునమ్మా. తిన్నగానే ఉంటుంది."

"అయితే మీరు వస్తున్నారని ఆయనకి తెలిసే ఉంటుంది."

అతను వాన సంగతి చెప్పలేదు. చెప్పనిది అబద్ధం అవుతుందా అని ఒక్కసారి అనుకున్నాడు. ఆ వానలో ఏది కనపడిందో, ఏది కనపడలేదో, అరుగు మీద నిలబడి చూసినవాడికి తప్ప ఇంకెవరికి తెలుసు?

లేచేటప్పుడు ఆమె జీపు ఏమైందని అడిగింది. తన పెరట్లో ఉందని, ఇంజను పట్టేసిందని, రేపు లారీ వస్తుందని చెప్పాడు. విడగొట్టేవాళ్ళకి అమ్ముతున్నామని చెబుతుండగా రత్తయ్య మనిషి గీసిన సుద్దగీతలు కళ్ళముందు కదిలాయి. ముందు రేకు ఇనుము కొట్టుకి పోతుంది. దానితోపాటు ఆ రెండు లైట్లూ పోతాయి. ఏదో ఒక తట్టలో, పగిలిన సీసాల మధ్య.

"లేదు," అన్నాడు. "అమ్మను. మా బావమరిది చేస్తానంటున్నాడు. చేయిస్తాను."

మణెమ్మ ఇంటిదాకా రమ్మంది. వద్దంటే వినలేదు. సిమెంటు అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. కవ్వం చప్పుడు వినిపించింది. చాలాసేపు చిలికింది. ఇత్తడిచెంబు నిండా మజ్జిగ తెచ్చి, పైన ఇంత ఉప్పు వేసి, అతని ముందు నిలబడింది.

"ఆ రోజు పిల్లల్ని ఎక్కిస్తుంటే మీరు దాహం అన్నారు. గుర్తుందా అండీ? అప్పుడు తొందరలో ఇవ్వలేకపోయాను. మళ్ళీ ట్రిప్పుకి వచ్చినప్పుడు ఇస్తానన్నాను."

అతనికి గుర్తు లేదు. గుర్తుందని తల ఊపబోయి మానేశాడు. చెంబు రెండు చేతులా అందుకుని, ఆమె చూస్తుండగా, అడుగుదాకా తాగాడు.